పరహస్తం చేరిన పుస్తకాలు

పుస్తక పఠనం ఏకాంతంలో సాగే పని. ఆ ఏకాంతంలోని ఆనందం చదువరులందరికీ అనుభవైకవేద్యమే. అయితే చివరి పుట ముగించి పుస్తకాన్ని పక్కన పెట్టిన మరుక్షణం నుంచి మనసు మరొక మనిషిని వెదకడం మొదలుపెడుతుంది. "ఇది మీరు చదివారా?" అని అడగడానికి ఎవరైనా ఉంటే బాగుండుననిపిస్తుంది. స్వగ్రామంలో ఉన్నవారికి ఆ మనిషి వీధి చివర గ్రంథాలయంలోనో, టీ కొట్టు బల్ల మీదనో తారసపడతాడు. ఉద్యోగరీత్యా వేయి కిలోమీటర్ల దూరం వచ్చి, భాష తెలియని ఊరిలో కాపురం పెట్టిన మనబోటి వారి సంగతి ఏమిటి?

వచ్చే సంవత్సరం పదవీ విరమణ చేయబోతున్న ఉద్యోగిగా, ఆ ప్రశ్నకు సూరత్ నగరంలో నాకు దొరికిన సమాధానాన్ని సహోద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే ఊరు, రెండు తెలుగు లోకాలు

సూరత్ అనగానే అందరికీ వజ్రాల సాన, జరీ, చీరల వ్యాపారం గుర్తుకు వస్తాయి. ఈ ఊరిలో తెలుగువారు చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నారన్న సంగతి ఇక్కడికి బదిలీపై వచ్చేవరకు మనలో చాలామందికి తెలియదు. తాపీ నది సముద్రంలో కలిసే చోట, హజీరా పారిశ్రామిక ప్రాంతంలో, మనవంటి ఉద్యోగులు కొందరు. నగరానికి ఆవలి వైపున లింబాయత్, ఉధనా పరిసరాలలో పవర్‌లూమ్‌లపై, బట్టల మిల్లులలో పనిచేసే కుటుంబాలు అనేకం. వీరిలో ఎక్కువమంది వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరతరాల నేత విద్యను వెంటబెట్టుకొని వచ్చిన పద్మశాలీలు. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఏర్పాటయింది. గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాల సరసన తెలుగును నిలిపిన ఘనత ఈ ఊరిది.

ఈ రెండు లోకాల నడుమ దూరం కొద్ది కిలోమీటర్లే. అయినా నేను 1996లో ఇక్కడికి వచ్చిన తరువాత చాలా కాలం వరకు ఒక లోకం వారికి మరొక లోకం ఊసే తెలియలేదు. అంతదాకా ఎందుకు? ఒకే బస్సులో ప్రయాణం చేసే మాకే ఒకరి సంగతి మరొకరికి తెలియదు.

అట్ట వేసిన పుస్తకం

అడాజన్‌లో అద్దె ఇంటి నుంచి ప్లాంటుకు వెళ్లే షిఫ్టు బస్సులో నా ముందు సీటులో కూర్చునే సహోద్యోగి ఒకరు రోజూ ఏదో చదువుకుంటూ ఉండేవారు. పుస్తకానికి గుజరాతీ వార్తాపత్రికతో అట్ట వేసి ఉండేది. ఏదో శాఖాపరమైన పరీక్షకు చదువుకుంటున్నారని నేను అనుకొన్నాను. నన్ను గురించి ఆయన అభిప్రాయమూ అదేనట. నేను కూడా నా పుస్తకాలకు పాత క్యాలెండరు కాగితంతో అట్టలు వేసేవాడిని. మూడు సంవత్సరాలు అలా గడిచాయి. 1999లో ఒక వర్షాకాలపు ఉదయం బస్సు కుదుపుకు ఆయన చేతిలోని పుస్తకం జారి నా కాళ్ల దగ్గర పడింది. తీసి చూస్తే, డాక్టర్ పి. శ్రీదేవి రచించిన 'కాలాతీత వ్యక్తులు'.

"మీరు తెలుగువారా?" అన్నాను.

"అదేమిటండీ, మీరూనా!" అన్నారాయన.

ఆనాడు ప్లాంటు గేటు వచ్చేవరకు మేము ఆ నవలలోని ఇందిరను గురించే మాట్లాడుకొన్నాము. మరుసటి నెల రెండవ ఆదివారం ఆయన ఇంట్లో అయిదు కుటుంబాలవారం కలిశాము. చర్చకు తీసుకొన్న తొలి పుస్తకం సహజంగా అదే. ఇందిర స్వార్థపరురాలని, తన సుఖం కోసం ఎదుటివారిని వాడుకొంటుందని పురుషులమంతా ఏకాభిప్రాయానికి వచ్చాము. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అంతవరకు వింటూ ఊరుకొన్న ఒక మిత్రుని భార్య, "ఆ ఇంట్లో జీతం తెచ్చేది ఎవరండీ?" అని ఒక్క ప్రశ్న వేశారు. తండ్రి భారాన్ని మోస్తూ ఉద్యోగం చేసే ఆ అమ్మాయిని గురించి మేము చేసిన తీర్పులన్నీ ఆ ఒక్క మాటతో తిరిగి విచారణకు వచ్చాయి. నేను ఆ నవలను అంతకుముందు రెండుసార్లు చదివాను. ఆ ప్రశ్న నాకెన్నడూ తోచలేదు. పదిమంది కలిసి చదవడం వల్ల కలిగే మేలు ఏమిటో నాకు ఆ రోజున తెలిసింది.

అచ్చిరాని జాగ్రత్త

గోష్ఠి కుదురుకొన్న తరువాత పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది. సెలవులకు వెళ్లినవారు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో తిరిగి వచ్చేటప్పుడు విజయవాడలోనో, వరంగల్‌లోనో కొన్న పుస్తకాలను ఆవకాయ జాడీలతో పాటు మోసుకొని వచ్చేవారు. ఒక నోటు పుస్తకంలో ఇచ్చినవారి పేరు, తీసుకొన్నవారి పేరు, తేదీ రాసే బాధ్యత నాకు అప్పగించారు.

అయితే ఇక్కడ నా లోభాన్ని దాచకుండా చెప్పాలి. పరుల చేతికి వెళ్లిన పుస్తకం వెళ్లినట్లేనన్న పెద్దల మాటను చిన్ననాటి నుంచి విని పెరిగినవాడిని. మళ్లీ బజారులో దొరికే పుస్తకాలను మాత్రమే అరువుకు ఇచ్చేవాడిని. ప్రాణంగా చూసుకొనేవి బీరువా దాటనిచ్చేవాడిని కాదు. వాటిలో మా నాన్నగారి 'మాలపల్లి' ఒకటి. తెనాలి దగ్గర ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయునిగా పనిచేసిన ఆయన, పాత పుస్తకాల అంగడిలో కొని, సంతకం చేసి, అంచుల వెంబడి పెన్సిలుతో తన అభిప్రాయాలు రాసుకొన్న ప్రతి అది. ఇందిరను గురించి ప్రశ్న వేసిన ఆ సోదరి దానిని రెండుసార్లు అడిగారు. "వెదికి ఇస్తానమ్మా" అని రెండుసార్లూ తప్పించుకొన్నాను. వెదకవలసిన పని లేదు. పై అరలో కుడివైపు మూడవది.

2006 ఆగస్టు 7వ తేదీన ఉకాయి జలాశయం నుంచి విడుదలైన నీటితో తాపీ పొంగి, సూరత్ నగరంలో అధిక భాగం మునిగిపోయింది. మాది కింది వాటా. పిల్లలను, ధ్రువపత్రాలను, రెండు బట్టల సంచులను తీసుకొని మూడవ అంతస్తులోని గుజరాతీ కుటుంబం ఇంటికి చేరడానికి మాత్రమే వ్యవధి దొరికింది. విశ్రాంత ఉపాధ్యాయులైన ఆ పెద్దాయనను అపార్టుమెంటులో అందరూ కాకా అని పిలిచేవారు. విద్యుత్తు లేదు. తాగునీటిని గ్లాసులతో కొలుచుకొంటున్నాము. ఆ రాత్రులలో కొవ్వొత్తి వెలుగులో పిల్లలకు భయం పోగొట్టడానికి కాకా పన్నాలాల్ పటేల్ నవల 'మానవినీ భవాయీ' కథను హిందీలో చెప్పుకొచ్చారు. విక్రమ సంవత్సరం 1956లో, అంటే 1899-1900లో వచ్చిన మహాక్షామం ఆ నవలకు నేపథ్యం. గుజరాతీలు దానిని 'ఛప్పనియో' అంటారు. చుక్క నీటికి మొగం వాచిన మనుషుల కథను నలువైపులా నీరు కమ్ముకొన్న ఇంట్లో కూర్చుని విన్నాము. మా పిల్లలు మరుసటి రాత్రి తామే అడిగి మిగిలిన కథ చెప్పించుకొన్నారు.

నీరు తీసిన తరువాత కిందికి దిగి తలుపు తెరిచాము. బీరువా బోర్లా పడి ఉంది. నూట డెబ్భై పుస్తకాలలో ఇంట ఉన్న నూట ముప్పై ఆరూ ఒండ్రు మట్టిలో ముద్దలయ్యాయి. 'మాలపల్లి'ని గుర్తు పట్టగలిగాను గాని, పుట విప్పబోతే చేతికి పేస్టులా అంటుకొంది. పెన్సిలు గీతలు ఎక్కడా కనబడలేదు. పారవేయవలసిన చెత్తతో పాటు వాటినీ వీధిలోకి మోశాము.

రెండు వారాల తరువాత ఒక సాయంత్రం బస్సులో ముందు సీటు మిత్రుడు నా ఒడిలో ఒక సంచి పెట్టారు. అందులో నావి తొమ్మిది పుస్తకాలు. ఆయనది నాలుగవ అంతస్తు. ఆ మరునాడు మరొకరు, ఆదివారం నాడు ఇంకొకరు తెచ్చారు. అరువు లెక్కల నోటు పుస్తకం కూడా వరదలో పోయింది. ఎవరి దగ్గర ఏమి ఉందో అడగడానికి నా దగ్గర ఆధారమే లేదు. అయినా అరువు వెళ్లిన ముప్పై నాలుగూ ఎవరూ అడగకుండానే నెల తిరిగేసరికి ఇల్లు చేరాయి.

భద్రంగా దాచుకొన్నవి పోయాయి. పోతాయేమోనని భయపడుతూ ఇచ్చినవే మిగిలాయి. ఆ సోదరిది రెండవ అంతస్తు. మొదటిసారి అడిగినప్పుడే ఇచ్చి ఉంటే మా నాన్నగారి చేతిరాత నాకు ఈనాటికీ ఉండేది.

ఆ మరుసటి సంవత్సరం వేసవి సెలవులకు వెళ్లిన ఆమె విజయవాడలో 'మాలపల్లి' కొత్త ప్రతి కొనుక్కొని వచ్చారు. తాను చదవడం పూర్తి చేసి, "అన్నయ్యగారూ, పదిహేను రోజులలో ఇవ్వాలి సుమండీ" అంటూ నాకు ఇచ్చారు. కొత్త నోటు పుస్తకంలో మొదటి పుట మొదటి వరుసలో తీసుకొన్నవారి పేరు నాదే. పద్నాలుగవ రోజున తిరిగి ఇచ్చాను.

రెండు ఉద్యమాల వారసులం

మేము చేసిన పనిలో కొత్తదనం ఏమీ లేదు. మనం పుట్టిన నేల మీదా, ఉద్యోగం చేస్తున్న ఈ నేల మీదా మన పెద్దలు ఏనాడో చేసి చూపినదే. దుర్గారామ్ మెహతాజీ ప్రభృతులు 1844లో ఈ సూరత్‌లోనే మానవ ధర్మ సభను స్థాపించి బహిరంగ చర్చలు నిర్వహించారు. ఇక్కడి ఆండ్రూస్ గ్రంథాలయం 1850 నాటిది. ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడైన కవి నర్మద్ 1833 ఆగస్టు 24న ఈ ఊరిలో జన్మించారు. 1858లో ఉపాధ్యాయ ఉద్యోగాన్ని వదిలి, కలాన్నే నమ్ముకొని జీవించారు. ఏళ్ల తరబడి శ్రమించి 'నర్మకోశ్' అనే నిఘంటువును రూపొందించారు. ఆయన పేరిట నగరపాలక సంస్థ 1991లో కేంద్ర గ్రంథాలయాన్ని నెలకొల్పింది.

పొరుగున ఉన్న నవ్‌సారీ పూర్వం బరోడా సంస్థానంలోనిది. మహారాజా సయాజీరావ్ గాయక్వాడ్ 1910లో అమెరికా నుంచి గ్రంథాలయ నిపుణుడు బోర్డెన్‌ను రప్పించి, పల్లెలకు పెట్టెలలో పుస్తకాలు పంపే ఏర్పాటు చేయించారు. నవ్‌సారీలో ఆయన పేరిట వెలసిన సయాజీ వైభవ సార్వజనిక పుస్తకాలయం, 'నాకు నచ్చిన పుస్తకం' అన్న అర్థం వచ్చే శీర్షికతో ప్రసంగాలు నిర్వహించింది. ఒక మనిషి నిలబడి తాను ప్రేమించిన ఒక పుస్తకాన్ని గురించి నలుగురికి చెప్పడమే ఆ కార్యక్రమం. మా రెండవ ఆదివారం గోష్ఠి కూడా అంతకంటె భిన్నమైనది కాదు.

ఇక మన వైపు చూస్తే, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లోను, హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లోను వెలశాయి. నిజాం పాలనలో తెలుగు చదువుకు ఆదరణ కరవైన కాలమది. అయ్యంకి వెంకటరమణయ్యగారు 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ స్థాపనకు సారథ్యం వహించారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలో నడిచే పడవలో పుస్తకాలు పెట్టి, ప్రయాణికులకు అందించారు. చదువరి గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే చదువరి దగ్గరకు వెళ్లాలన్నది ఆ పడవ నేర్పిన పాఠం. గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలోనూ ప్రతి చదువరికి తగిన పుస్తకం, ప్రతి పుస్తకానికి తగిన చదువరి దొరకాలన్న ఆశయం కనిపిస్తుంది.

లింబాయత్ నేర్పిన పాఠం

రంగనాథన్‌గారి ఆ సూత్రానికి ఉదాహరణ మాకు లింబాయత్‌లో కనబడింది. వరదల తరువాత దుప్పట్లు పంచడానికి వెళ్లినప్పుడు వరంగల్ ప్రాంతపు నేత కార్మికుడు ఒకరు పరిచయమయ్యారు. పుస్తకాల ప్రస్తావన వచ్చింది. "చదువుడైతే వస్తది సారూ, ఈడ తెలుగు పుస్తకం అమ్మే దుకాణం ఏడున్నది?" అన్నారు. ఆయన ఇంట్లో ఉన్నవి ఒక పంచాంగం, పెద్ద కుమార్తె తెలుగు వాచకం. ఆ వాచకాన్నే ఆయన మొదటి నుంచి చివరి వరకు ఎన్నోసార్లు చదివారు.

మరుసటి ఆదివారం దాశరథి రంగాచార్యుల 'చిల్లర దేవుళ్లు' తీసుకొని వెళ్లాము. నాలుగు రోజులలో చదివి, తన మగ్గాల షెడ్డులో మరో ఇద్దరికి ఇచ్చారు. గోష్ఠికి వచ్చినప్పుడు, పుస్తకంలోని తెలంగాణ పలుకుబడికి మేము తడుముకొన్న చోటల్లా ఆయనే మాకు అర్థం చెప్పారు. నలుగురు ఇంజనీర్లు ఒక నేత కార్మికుని ఎదుట విద్యార్థులై కూర్చోవడం నాకు చాలా సంతోషం కలిగించింది.

మరొక విషయం మమ్మల్ని కలవరపరచింది కూడా. తెలుగు మాధ్యమంలో చదువుతున్న ఆయన కుమార్తె అందరి ఎదుట ఒక కథను తడబాటు లేకుండా చదివింది. ఆంగ్ల మాధ్యమంలో మంచి మార్కులు తెచ్చుకొంటున్న మా పిల్లలలో ఒక్కరూ తెలుగు పంక్తి పూర్తిగా చదవలేకపోయారు. తప్పు పిల్లలది కాదు. వారి ఎదుట మేము ఎన్నడూ బిగ్గరగా చదవలేదు. మా పుస్తకాలకు అట్టలు వేసినట్లే మా భాషకు కూడా అట్ట వేసి దాచాము. ఆనాటి నుంచి గోష్ఠిలో మొదటి అరగంట పిల్లల కోసం బిగ్గరగా చదవడానికి కేటాయించాము. కొందరు పిల్లలు చదవడం నేర్చారు. కొందరు వినడం వరకే ఆగారు. విన్నది కూడా వృథా పోదని నా నమ్మకం.

తోడు చదువరిని కనుగొనడం ఎలా?

కొత్తగా బదిలీపై వచ్చే మిత్రుల ప్రయోజనార్థం మా అనుభవంలో తేలిన కొన్ని సంగతులు మనవి చేస్తాను.

మొదటిది, పుస్తకానికి అట్ట వేయకండి. క్యాంటీన్‌లో, బస్సులో మీ చేతిలోని పుస్తకం పేరు పదిమందికి కనబడనివ్వండి. చేతిలో పుస్తకం కనిపిస్తే మాట కలపడం సులభం.

రెండవది, "మీకు పుస్తకాలు ఇష్టమా?" అని అడిగితే మర్యాదకు అందరూ ఔననే అంటారు. "ఈ మధ్య ఏమి చదివారు?" అని అడగండి. సమాధానం వంటల పుస్తకమైనా, డిటెక్టివ్ నవల అయినా చిన్నచూపు చూడవద్దు. మా గోష్ఠిలో అందరికంటె ఎక్కువ చదివేవారు డిటెక్టివ్ నవలలతో మొదలుపెట్టినవారే.

మూడవది, చర్చలో కథ మొత్తం చెప్పవద్దు. మీ మనసును పట్టుకొన్న ఒక్క సన్నివేశాన్ని చదివి, అది ఎందుకు పట్టుకొందో చెప్పండి. అభిప్రాయ భేదం వస్తే సంతోషించండి. అయితే ప్లాంటులోని హోదాలను చెప్పులతో పాటు గుమ్మం బయటే వదలాలి. మేనేజరు మెచ్చిన పుస్తకాన్ని టెక్నీషియన్ నిస్సంకోచంగా విమర్శించగలిగిన నాడే అది గోష్ఠి.

నాలుగవది, తేదీ మార్చవద్దు. షిఫ్టు డ్యూటీల వల్ల ప్రతిసారీ అందరూ రాలేరు. ముగ్గురే వచ్చినా జరపండి. ఒకసారి మేమిద్దరమే మిగిలాము. ఆ రోజు చర్చ మూడు గంటలు సాగింది.

అయిదవది, స్థానిక భాషకు తలుపు తెరవండి. నేషనల్ బుక్ ట్రస్టు, సాహిత్య అకాడమీ వంటి సంస్థలు భారతీయ భాషల రచనలకు అనువాదాలు ప్రచురిస్తున్నాయి. మీ పొరుగువారు ఏ పుస్తకాన్ని ప్రేమిస్తారో అడిగి తెలుసుకొంటే, ఊరు పరాయిదన్న భావన సగం తగ్గుతుంది.

ఆఖరుది, నా స్వానుభవంతో చెబుతున్నది. మీకు అన్నిటికంటె ఇష్టమైన పుస్తకాన్నే ముందుగా అరువు ఇవ్వండి.

అయిదు రోజుల పండుగ

కవి నర్మద్ జన్మదినమైన ఆగస్టు 24ను ప్రపంచ గుజరాతీ భాషా దినంగా జరుపుకొంటారు. వ్యావహారిక భాషోద్యమ సారథి గిడుగు రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న జన్మించారు. ఆ రోజు మనకు తెలుగు భాషా దినోత్సవం. నర్మద్ తన మాతృభాషకు నిఘంటువు కూర్చారు. గిడుగువారు మాతృభాష కోసం పోరాడుతూనే, తనది కాని సవర భాషను కొండలలో తిరిగి నేర్చుకొని, దానికి నిఘంటువు కూర్చారు. ఈ ఇద్దరి జన్మదినాల మధ్య అయిదు రోజుల అంతరం మాత్రమే. సూరత్‌లో ఉన్న తెలుగువారికి ఇంతకంటె మంచి ముహూర్తం ఏముంటుంది? ఈ అయిదు రోజులలో ప్రతి కుటుంబం ఒక పుస్తకాన్ని పొరుగు కుటుంబానికి ఇవ్వాలని, ఒక పుస్తకాన్ని వారి నుంచి తీసుకోవాలని నా విన్నపం.

గోష్ఠి మొదలుపెట్టిన అయిదు కుటుంబాలలో నాలుగు బదిలీలపై, పదవీ విరమణలపై ఎప్పుడో వెళ్లిపోయాయి. బస్సు మిత్రుడు ఇప్పుడు విశాఖపట్నంలో ఉన్నారు. కొత్తవారు వచ్చారు. చేతిలోని ఫోనులో కావలసినన్ని పుస్తకాలు దొరికే కాలమిది. అయినా చదివింది చెప్పుకోవడానికి ఎదుట మనిషి కావాలన్న అవసరం మారలేదు. రెండవ ఆదివారం మారలేదు.

వచ్చే సంవత్సరం నేను తెనాలి వెళ్లిపోతాను. నా పుస్తకాలు ప్యాక్ చేయించమని మా ఆవిడ తొందరపెడుతోంది. నేను వాటిని ఒక్కొక్కటిగా అరువు ఇస్తున్నాను. నోటు పుస్తకం రాసే బాధ్యత తీసుకోవడానికి ఎవరైనా ముందుకు వస్తే, దానిని అప్పగించి నిశ్చింతగా రైలెక్కుతాను.